బేస్ చెప్పని 10: సంఖ్యామానాల హాస్యం ఎలా పనిచేస్తుంది

"ప్రపంచంలో మనుషులు 10 రకాలు: బైనరీ తెలిసినవారు, తెలియనివారు." కంప్యూటర్ చదువుల్లో ఉన్నవారి మధ్య ఇంతగా చెలామణీ అయిన హాస్యవాక్యం మరొకటి కనిపించదు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల్లో మొదటి సంవత్సరం దాటిన విద్యార్థులకు దీన్ని విప్పి చెప్పవలసిన అవసరం ఉండదు. 0, 1 అనే రెండే అంకెలతో రాసే బైనరీలో 10 అని రాస్తే ఒక రెండు, సున్న ఒకట్లు, అంటే మన లెక్కలో 2 అని వారికి తెలుసు. అయితే అంత చిన్న లెక్క నవ్వు ఎందుకు పుట్టిస్తుందో ఆలోచించడం అవసరం. ఎందుకంటే తరగతి గదిలో సంఖ్యామానాల పాఠం ఎంత శ్రద్ధగా చెప్పినా సాధారణంగా జారవిడిచే ఒక సంగతిని ఈ ఒక్క వాక్యం సూటిగా పట్టుకుంటుంది.

డిజిటల్ లాజిక్ పాఠ్యపుస్తకం ఏది తెరిచినా మొదటి అధ్యాయంలో సంఖ్యామానాలే ఉంటాయి. అక్కడ ప్రతి సంఖ్యనూ కుండలీకరణాల్లో పెట్టి, దాని పాదం దగ్గర 2 అనో, 8 అనో, 16 అనో చిన్న అంకె వేస్తారు. ఆ చిన్న అంకె బేస్‌ను, అంటే ఆ రాతలో మొత్తం ఎన్ని అంకెలు వాడతామో చెబుతుంది. విద్యార్థి చేయవలసిందల్లా ఇచ్చిన సంఖ్యను రెండుతో వరుసగా భాగించుకుంటూ పోయి, శేషాలను కింది నుంచి పైకి రాయడమే. ఈ పద్ధతిలో మార్కులు వస్తాయి, వేగమూ వస్తుంది; కానీ "ఇది ఏ బేస్‌లో రాసిన సంఖ్య?" అని తనను తాను ప్రశ్నించుకోవలసిన సందర్భం మాత్రం ఒక్కసారి కూడా రాదు, ఎందుకంటే సమాధానం ఎప్పుడూ సంఖ్య పాదం దగ్గరే సిద్ధంగా ఉంటుంది. హాస్యవాక్యం ఆ చిన్న అంకెను చెరిపివేస్తుంది. అలా ఏర్పడిన ఖాళీని చదివేవారు తమకు తెలియకుండానే అలవాటు కొద్దీ బేస్ 10తో నింపుకుంటారు. వాక్యం చివరికి వచ్చి రెండు రకాలే కనిపించేసరికి, బేస్‌ను ఎవరూ చెప్పలేదనీ, దాన్ని తెచ్చిపెట్టుకున్నది తామేననీ గ్రహిస్తారు. నవ్వు పుట్టేది ఆ గ్రహింపులోనే.

అంకెకూ సంఖ్యకూ మధ్య ఉన్న ఈ తేడా గుంటూరు బ్రాడీపేటలో చిరునామా వెతికిన వారికి బాగా అర్థమవుతుంది. అక్కడ 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. 7/4 అన్నా అవే రెండు అంకెలు, కానీ చేరే చోటు వేరు. ఏ స్థానంలోని అంకె దేన్ని సూచిస్తుందో ఊరివాళ్లకు తెలుసు కనుక ఎవరూ విడమరచి చెప్పరు. ఆ పద్ధతి తెలియని కొత్తవారికి మాత్రం అది ఒక భిన్నంలా కనబడుతుంది. స్థానాన్ని బట్టి విలువ మారే రాత ఏదైనా ఇలా చెప్పకుండా వదిలేసిన ఒక ఒప్పందం మీదే నిలబడుతుంది. సంఖ్యల రాతలో ఆ ఒప్పందం పేరే బేస్.

ఈ హాస్యం కంటికే గాని చెవికి అందదన్నది కూడా ఇక్కడ గమనించాలి. పైకి చదివేటప్పుడు "పది రకాలు" అంటే బేస్ బయటపడిపోయి వాక్యం అబద్ధమవుతుంది. "ఒకటి సున్న రకాలు" అంటే గుట్టు ముందే రట్టవుతుంది. అందుకే ఇది టీషర్టుల మీద, కాఫీ కప్పుల మీద, హాస్టల్ గదుల తలుపుల మీద బతికినంత చక్కగా సభల్లో మైకు ముందు బతకలేదు.

దీనికి వచ్చిన పొడిగింపు అసలు దానికంటే మేలైనది. "మనుషులు 10 రకాలు: బైనరీ తెలిసినవారు, తెలియనివారు, ఇది బేస్ 3లో ఉంటుందని ఊహించనివారు." బేస్ 3లో 10 అంటే మూడు, లెక్క ఎక్కడా తప్పలేదు. మొదటి వాక్యానికి తెలివిగా నవ్వినవారు ఇక్కడ దొరికిపోతారు, ఎందుకంటే వారు బేస్ 10 అనే అలవాటును వదిలి బేస్ 2 అనే కొత్త అలవాటుకు మారారే తప్ప, బేస్ తెలియకుండా 10కి విలువే లేదన్న సంగతిని ఇంకా పూర్తిగా ఒంటబట్టించుకోలేదు. మంచి గణిత హాస్యానికి ఉండవలసిన లక్షణం ఇదే. అందులోని లెక్క చివరి అంకె వరకూ సరిపోవాలి. లెక్క తప్పిన చోట నవ్వు కూడా నిలవదు.

ఇదే దారిలో మరొక మెట్టు ఎక్కితే నాలుగే వేళ్లున్న గ్రహాంతరవాసి కథ వస్తుంది. అతడు 1, 2, 3, 10 అని లెక్కపెడతాడు. భూమి నుంచి వెళ్లిన మనిషి "మీరు బేస్ 4 వాడుతున్నారన్నమాట" అంటే, అతడు "బేస్ 4 అంటే ఏమిటి? మేము వాడేది బేస్ 10" అని బదులిస్తాడు. అతని రాతలో 4 అనే గుర్తే లేదు. నాలుగును అతడు 10 అనే రాస్తాడు. ఏ సంఖ్యామానం అయినా తన బేస్‌ను తన అంకెలతో రాసుకుంటే అది 10 గానే ఉంటుంది. తెలుగువారికి దీన్ని షష్టిపూర్తితో చెబితే సులభంగా అందుతుంది. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే తెలుగు సంవత్సరాలు 60. పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ తిరిగి రావడమే షష్టిపూర్తి. ఆ చక్రాన్ని బేస్ 60గా తీసుకుంటే, అరవై నిండినవారి వయసు ఒక చక్రం, సున్న సంవత్సరాలు, అంటే 10. ప్రాచీన బాబిలోనియా గణితం నడిచింది ఈ బేస్ 60లోనే. గంటకు 60 నిమిషాలన్న మన లెక్కకు మూలం అదే. బేస్ 16 అయిన హెక్సాడెసిమల్‌కు వెళితే పెద్దవారికి ఇంకా ఊరట దొరుకుతుంది. షష్టిపూర్తి జరిగిన నాలుగేళ్లకు, అంటే 64 నిండినప్పుడు, వయసును 40 అని రాయవచ్చు.

ఆక్టల్ (బేస్ 8) చుట్టూ అల్లిన హాస్యాల్లో ప్రసిద్ధమైనది అక్టోబర్ 31, డిసెంబర్ 25 ఒకటేనన్నది. ఇంగ్లిషులో అక్టోబరుకూ ఆక్టల్‌కూ పొట్టి రూపం ఒకటే, డిసెంబరుకూ డెసిమల్‌కూ పొట్టి రూపం ఒకటే. ఆక్టల్‌లో 31 అంటే మూడు ఎనిమిదులు, ఒక ఒకటి, అంటే 25. పాశ్చాత్యులకు అక్టోబర్ 31 హాలోవీన్ పండుగ, డిసెంబర్ 25 క్రిస్మస్ కనుక "ప్రోగ్రామర్లకు ఈ రెండు పండుగలకు తేడా తెలియదు" అని వారు నవ్వుకుంటారు. గుంటూరు జిల్లాలో క్రిస్మస్ ఊరూరా జరుగుతుంది గాని హాలోవీన్‌కు ఇక్కడ పట్టు లేదు. అందువల్ల ఈ వాక్యంలో సగం బలం దారిలోనే పోతుంది, మిగిలేది లెక్క ఒక్కటే.

ఆక్టల్ గురించి ఇక్కడివారు నవ్వుకోవడానికి తగిన వస్తువు టెలిఫోన్ ఎస్టీడీ కోడ్‌లో ఉంది. సి అనే ప్రోగ్రామింగ్ భాషలో సంఖ్య ముందు సున్న పెట్టి రాస్తే, ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్ దాన్ని ఆక్టల్‌గా తీసుకుంటుంది. విజయవాడ కోడ్ 0866, గుంటూరు కోడ్ 0863. ఈ రెంటిలో దేన్నైనా సి ప్రోగ్రాములో నేరుగా సంఖ్యగా రాస్తే కంపైలర్ ఒప్పుకోదు, ఎందుకంటే ఆక్టల్‌లో 0 నుంచి 7 వరకే అంకెలు ఉంటాయి, 8కి అక్కడ చోటు లేదు. హైదరాబాద్ కోడ్ 040 సంగతి వేరు. అందులో ఆక్టల్‌కు నచ్చని అంకె ఏదీ లేదు కనుక కంపైలర్ నోరెత్తకుండా స్వీకరించి, దాన్ని నాలుగు ఎనిమిదులుగా, అంటే 32గా మార్చుకుంటుంది. విజయవాడ కోడ్ గడప దగ్గరే తగువు పెట్టుకుంటుంది, హైదరాబాద్ కోడ్ లోపలికి వచ్చి వేషం మారుస్తుంది. ప్రోగ్రాము రాసేవారికి రెండోదే ఎక్కువ ప్రమాదకరం. తప్పు ఉన్నట్టు చెప్పేవారు ఎవరూ ఉండరు, కొన్ని నెలల తరువాత ఏదో జాబితాలో 32 కనిపించినప్పుడు దాని మూలం ఎక్కడో వెతకాలి. జావాస్క్రిప్ట్ పాత పద్ధతి మరీ విచిత్రమైనది. 040ని ఆక్టల్‌గా భావించి 32 చేస్తుంది, 0866లో 8 కనబడగానే ఆక్టల్ ఆలోచన మానుకొని 866గా తీసుకుంటుంది. పైథాన్ మూడో వెర్షన్ ఈ గందరగోళాన్ని కత్తిరించి, ముందు సున్న ఉన్న ఇలాంటి సంఖ్యలు వేటినీ అంగీకరించబోనని చెప్పింది. ఇది సరైన నిర్ణయం. అసలు ఎస్టీడీ కోడ్‌ను సంఖ్యగా దాచడమే పొరపాటు. కూడడానికీ, హెచ్చవేయడానికీ పనికిరాని అంకెల వరుసను అక్షరాల వరుసగానే ఉంచాలి.

కిలో గురించిన హాస్యం దీనికంటే సౌమ్యమైనది. "కొత్తగా వచ్చిన ప్రోగ్రామర్ కిలోబైట్ అంటే 1000 బైట్లు అనుకుంటాడు, తలపండిన ప్రోగ్రామర్ కిలోమీటర్ అంటే 1024 మీటర్లు అనుకుంటాడు." రెండును పదిసార్లు హెచ్చవేస్తే వచ్చే 1024, వెయ్యికి బాగా దగ్గర కావడం వల్ల మెమరీ లెక్కల్లో కిలో అనే పేరు దానికి అంటుకుంది. తలపండిన ప్రోగ్రామర్ గుంటూరులో మిరపకాయలు అమ్మితే ప్రతి కిలోకూ 24 గ్రాములు కొసరు వేయవలసి వస్తుంది. ఈ కొసరు చిన్నదే అనిపిస్తుంది గాని మెట్టు మెట్టుకూ పెరుగుతుంది. కిలో దగ్గర 2.4 శాతం ఉన్న తేడా, టెరా దగ్గరికి వచ్చేసరికి దాదాపు 10 శాతం అవుతుంది. డిస్కు తయారీదారులు టెరాబైట్‌ను లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ మాత్రం 1024 లెక్కనే పట్టుకొని ఉంటుంది. అందుకే దుకాణంలో 1 టెరాబైట్ అని కొన్న డిస్కును కంప్యూటర్‌కు తగిలిస్తే 931 గిగాబైట్లే చూపిస్తుంది. కొనుగోలుదారు మోసపోయానని బాధపడతాడు. బైట్లు ఎక్కడికీ పోలేదు, కొలిచే కిలో మారింది. ఈ చిక్కు తీర్చడానికి అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1998లో 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అనే వేరే పేర్లు పెట్టింది గాని వాడుకలో అవి అంతగా నిలదొక్కుకోలేదు.

0.1, 0.2 కూడితే 0.30000000000000004 వస్తుందన్నది చాలామంది విద్యార్థులు మొదట కంప్యూటర్ లోపంగా అనుమానించే విషయం. మూడో వంతును దశాంశాల్లో రాస్తే 0.333 అంటూ తెగకుండా సాగినట్టే, పదో వంతు బైనరీలో తెగకుండా సాగుతుంది. దాచే చోటు పరిమితం కనుక ఎక్కడో ఒకచోట కోయాలి. ఆ కోతలో మిగిలినదే చివర కనిపించే 4. రూపాయలను దశాంశాల్లో కాక మొత్తం పైసలుగా దాచమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

హెక్సాడెసిమల్ హాస్యం పూర్తిగా వేరే స్వభావం కలది. అందులో 10 నుంచి 15 వరకు విలువలకు ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు ఇంగ్లిషు అక్షరాలను వాడతారు కనుక, కొన్ని సంఖ్యలు మాటలుగా చదవడానికి వీలుగా ఉంటాయి. జావా కంపైలర్ తయారుచేసే ప్రతి క్లాస్ ఫైలూ "కెఫె బేబ్" అని చదవగలిగే నాలుగు బైట్లతో మొదలవుతుంది. "డెడ్ బీఫ్" అనే మరో మాటను, ఇంకా విలువ పెట్టని మెమరీని గుర్తించడానికి డీబగ్గింగ్‌లో, అంటే ప్రోగ్రాములో తప్పులు వెతికేటప్పుడు, చాలాకాలంగా నింపుతూ వస్తున్నారు. సరదాతో పాటు ఇందులో ప్రయోజనమూ ఉంది. వేల సంఖ్యల మధ్య ఒక మాట కనబడితే కన్ను వెంటనే ఆగుతుంది. తెలుగు మాటలకు కూడా ఈ ఆరు అక్షరాలు ఇంగ్లిషుకు కుదిరినంత బాగానే కుదురుతాయి, ఎందుకంటే ద్విత్వాక్షరాలు మన భాషలో పుష్కలం. ఏ, బీ, బీ, ఏ అని రాస్తే "అబ్బ". దాని విలువ 43,962. ముందు డీ చేర్చితే "డబ్బా", విలువ 8,95,930. డీ, ఈ, బీ, బీ, ఏ అంటే "దెబ్బ", విలువ 9,12,314. ఏ, డీ, డీ, ఏ అంటే "అడ్డా". పాడైన మెమరీ భాగాన్ని "దెబ్బ"తో నింపితే, తెలుగు ప్రోగ్రామర్‌కు డీబగ్గింగ్ తెర మీద జరిగిన సంగతి తన భాషలోనే కనిపిస్తుంది.

ఇక సున్న నుంచి లెక్కించే అలవాటు. "కంప్యూటర్ సైన్స్‌లో కష్టమైన విషయాలు రెండే: క్యాష్‌లో (త్వరగా అందడానికి పక్కన దాచిన నకళ్లలో) పాతబడిన దాన్ని సరైన వేళకు తొలగించడం, పేర్లు పెట్టడం, లెక్క ఒకటి తప్పడం." మొదటి రెండూ ప్రోగ్రామర్ ఫిల్ కార్ల్‌టన్ అన్నవిగా చెబుతారు, మూడోది తరువాతివారు చేర్చినది. రెండే అని చెప్పి మూడు చెప్పడమే ఆ మూడో కష్టానికి ఉదాహరణ. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1982లో రాసిన ఒక చిన్న వ్యాసంలో, వరుసలను సున్నతోనే ఎందుకు మొదలుపెట్టాలో వాదించాడు. మొదలును కలుపుకొని, చివరను వదిలేసేటట్టు హద్దులు రాస్తే, ఆ రెండు హద్దుల భేదమే మొత్తం సంఖ్యకు సమానమవుతుందనీ, అప్పుడు సున్న నుంచి మొదలుపెడితే రాత అందంగా ఉంటుందనీ అతని వాదన. చాలా సందర్భాల్లో అది నిజమే.

ఈ వాదనను పరీక్షించడానికి తెలుగు విద్యార్థులకు ఉన్నంత మంచి సామగ్రి మరొకరికి ఉండదు. పాఠశాలలో తెలుగు పద్యానికి గురులఘువులు గుర్తించి గణవిభజన చేసేటప్పుడు వారు రెండే గుర్తులతో పని చేస్తారు. మూడేసి అక్షరాల గణాలు ఎనిమిదే ఉండడానికి కారణం, రెండును మూడుసార్లు హెచ్చవేస్తే ఎనిమిది రావడమే. ఆ ఎనిమిదింటినీ గుర్తుంచుకోవడానికి నేర్పే "యమాతారాజభానసలగం" అనే పది అక్షరాల సూత్రంలో, మొదటి ఎనిమిదింటిలో ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకున్నా ఆ అక్షరం పేరుగల గణమే వస్తుంది, ఏదీ రెండుసార్లు రాదు. సాధ్యమైన ప్రతి కలయికా ఒక్కసారే వచ్చేటట్టు బిట్ల వరుసను కూర్చడం ఇప్పటి కంప్యూటర్ శాస్త్రంలోనూ పేరున్న సమస్య.

ప్రాచీన ఛందోవేత్త పింగళుని ఛందశ్శాస్త్ర సంప్రదాయంలో ప్రస్తారం వేసినప్పుడు, అంటే గురులఘువుల కలయికలన్నిటినీ ఒక క్రమంలో రాసినప్పుడు, గణాలు మ, య, ర, స, త, జ, భ, న అనే వరుసలో వస్తాయి. గురువును 0గా, లఘువును 1గా తీసుకొని, ఎడమ చివర అక్షరానికి ఒకట్ల స్థానం ఇస్తే, అది సరిగ్గా 0 నుంచి 7 వరకు బైనరీలో లెక్కపెట్టడమే. వరుస సంఖ్య చెబితే గణాన్ని కనిపెట్టే ప్రక్రియకు నష్టం అని పేరు. సంఖ్య సరి అయితే లఘువు వేసి సగం చేయాలి. బేసి అయితే గురువు వేసి, ఒకటి కలిపి సగం చేయాలి. ఆరోది ఏదని అడిగితే, 6 సరి కనుక లఘువు, సగం 3. 3 బేసి కనుక గురువు, ఒకటి కలిపి సగం చేస్తే 2. 2 సరి కనుక లఘువు. లఘువు, గురువు, లఘువు అంటే జ గణం. డిజిటల్ లాజిక్ తరగతిలో రెండుతో భాగించి శేషాలు రాసే పద్ధతి ఇదే, ఒకటి కలపడం ఒక్కటే తేడా. అయితే దీన్ని చూసి బైనరీ గణితమంతా మనవద్ద ముందే ఉందని చెప్పడం సరికాదు. ప్రస్తారం చేసేది కలయికలను వరుసలో పెట్టి లెక్కించడం. రెండు అంకెలతో కూడికలు, గుణకారాలు చేసే పద్ధతిని జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ 1703 నాటి వ్యాసంలో వివరించాడు. రెండూ వేర్వేరు ఘనతలు, వేటి గౌరవం వాటిది.

ఒకటి కలపడమనే ఆ తేడా ఉత్పలమాల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. పాదానికి 20 అక్షరాలు, భ, ర, న, భ, భ, ర గణాలు, చివర వ గణం, అంటే లఘువు, గురువు. రెండు గుర్తులతో 20 అక్షరాల పాదాలు 10,48,576 రకాలుగా సాధ్యం. మెమరీ లెక్కలో ఒక మెగాబైట్‌లోని బైట్లు కూడా సరిగ్గా అన్నే. లఘువులున్న స్థానాల విలువలు కూడితే 3,55,798 వస్తుంది. ఛందోగ్రంథాలు మాత్రం ఉత్పలమాలను 3,55,799వ వృత్తమంటాయి, ఎందుకంటే అక్కడ వరుస ఒకటితో మొదలవుతుంది. లక్షణకారుడికీ ప్రోగ్రామర్‌కూ ఇక్కడ తేడా సరిగ్గా ఒకటి, ఇద్దరి లెక్కా ఒప్పే. చంపకమాల వరుస సంఖ్య 7,11,600. ఉత్పలమాల మొదటి గురువును తీసి రెండు లఘువులు పెడితే చంపకమాల అవుతుందని విద్యార్థులకు తెలుసు. ప్రోగ్రామర్ లెక్కలో ఈ మార్పు అంటే సంఖ్యను రెట్టించి మూడు కలపడం: 3,55,798ని రెట్టించి 3 కలిపితే 7,11,599. ఒకటితో మొదలయ్యే లక్షణకారుడి లెక్కలో అదే మార్పు ఒకటి కలిపి రెట్టించడం మాత్రమే: 3,55,799కి ఒకటి కలిపితే 3,55,800, దాన్ని రెట్టిస్తే 7,11,600. నష్టంలో ఒకటి కలిపి సగం చేసే ప్రక్రియకు పక్కన పెట్టి చూస్తే ఇది ఎంత సహజంగా కుదిరిందో తెలుస్తుంది. డైక్‌స్ట్రా వాదన ఎంత బలమైనదైనా, ఈ ఒక్క లెక్కలో ఒకటి నుంచి మొదలుపెట్టే పద్ధతికే రాత తేలికగా వచ్చింది.